నీళ్ళు కొలిచేవాడి వాటా

ఆ వేసవిలో మా వాడలో పోయినవాటిని వరసగా రాస్తాను. బోరుబావులు రెండు, ఒకటి మార్చి నెలాఖరున, రెండోది ఏప్రిల్ రెండో వారంలో. చేతిపంపు ఒకటి. వేపచెట్లు మూడు, మునగచెట్టు ఒకటి. చివరి ఇంటివాళ్ళ పాడిగేదె. కోళ్ళు పంతొమ్మిది, అందులో మావి నాలుగు. కుదిరిన పెళ్ళి ఒకటి. నీళ్ళు లేని వాడకు పిల్లను పంపలేమని తిల్దా ఊళ్ళోని ఆడపెళ్ళివాళ్ళ నుంచి కబురొచ్చింది. అద్దెకున్న కుటుంబాలు రెండు, మళ్ళీ రాలేదు. ట్యాంకరు దగ్గర తోపులాటలో పగిలిన కుండలు, నేను చూసినవే ఇరవై ఏడు. ఒక ఆడమనిషి నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. వాటిని ఏ పద్దులో వెయ్యాలో తెలియక విడిగా ఉంచాను. మా నాన్న ఒకరు.

మిగతావన్నీ ఎండకు పోయాయి. నాన్న నా లెక్క వల్ల పోయారు. ఆ లెక్కలో తప్పు లేదు. కూడిక సరైనదే, భాగహారం సరైనదే, చివర సున్నా వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వేసి చూసినా సున్నాయే వస్తోంది. ఆ సున్నా ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడ్డాక వచ్చిన రెండో వేసవి అది. మేం రాయపూరు పక్కన భన్‌పురిలో ఉండేవాళ్ళం. నేను అక్కడే ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్టీలు రాసేదాన్ని. ఏ లారీలో ఎన్ని బస్తాలు, ఎన్ని టన్నులు, ఎక్కడికి, కిరాయి ఎంత అని రాసిచ్చే కాగితాన్ని బిల్టీ అంటారు. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఎక్కాలు, వడ్డీలు, భిన్నాలు అన్నీ పాత బిల్టీల వెనకవైపు సొంతంగా నేర్చుకున్నవే. టాటీబంధ్ లారీల అడ్డా నుంచి కూడా డ్రైవర్లు వచ్చి నాతో లెక్క సరిచూపించుకునేవారు. నా లెక్క తప్పిందని అప్పటిదాకా ఎవరూ అనలేదు. మా ఆయన లారీ డ్రైవరు, ఆ వేసవంతా ఒడిశా వైపే ఉన్నాడు. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు. ఇంట్లో నేను, నాన్న.

నాన్నది గోదావరి సముద్రంలో కలిసే వైపు. పదహారో ఏట ఓడెక్కారు. ఇంజను ఓడ కాదు. తెరచాపల కర్ర ఓడ. రంగూనుకు, చిట్టగాంగుకు, కొలంబోకు పెంకులు, ఉప్పు, బియ్యం మోసేవారట. పదకొండేళ్ళు తిరిగాక ఓడల పని సన్నగిల్లి, రాయపూరు రైల్వేలో వ్యాగన్లు బాగుచేసే షాపులో చేరారు. అక్కడ ఓడలో కళాసీ, ఇక్కడా కళాసీయే. తాడు కట్టడం, బరువులెత్తడం, పదిమంది ఒకేసారి లాగేటట్టు పదం అందుకోవడం, అదే పని. రిటైరయ్యాక కూడా చొక్కా ఆరేసే తాడుకు ఓడ ముడే వేసేవారు. నాకు ఆ ముడి ఇప్పటికీ రాదు.

మా ఇంట్లో ఒక అలవాటుండేది. ఎవరి నీళ్ళ కుండ వాళ్ళది. అమ్మ ఉన్నప్పుడు మూడు కుండలు, తర్వాత రెండు, మా ఆయన ఇంటికొస్తే ఇంకొకటి. ఒకరి కుండ మూత ఇంకొకరు ఎత్తకూడదు. ఓడలో ఇంకొకడి వాటా నీళ్ళు తాగినవాణ్ణి రేవు చేరగానే దింపేసేవారట, మళ్ళీ ఏ ఓడా ఎక్కించుకోదట. బియ్యం దొంగిలించినవాణ్ణి తిట్టి వదిలేస్తారుగాని నీళ్ళ దొంగను వదలరని నాన్న చెప్పేవారు. పొరుగువాళ్ళు చూసి నవ్వుకున్నా మా ఇంట్లో ఆ పద్ధతి మారలేదు. నాకు ముప్పై ఒక్క ఏళ్ళు వచ్చేవరకు నాన్న కుండ మూత ఒక్కసారి కూడా ఎత్తలేదు.

సాయంత్రాలు ఎదురింటి బాబాయి వచ్చి మా గుమ్మం ముందు నులకమంచం మీద కూర్చునేవాడు. చుట్టం కాదు, నేనే బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయనది కరీంనగర్ వైపు. ఇక్కడి రోలింగ్ మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఇద్దరి తెలుగూ రెండు రకాలు, మధ్యలో హిందీ. పాత పనుల గురించి మొదలుపెడితే ఇద్దరికీ పొద్దు తెలిసేది కాదు.

“మా ఊళ్ళె పన్నెండుమంది ఆయగాండ్లుండిరన్నా,” అనేవాడు బాబాయి. “కమ్మరి, వడ్ల, కుమ్మరి, మంగలి, చాకలి, తలారి, నీరటి. మా తాతల తాతలకెంచి గదే కాయిదా. ఎవ్వనికి జీతం లేదు, కల్లం కాడ అందరికి వడ్ల మేర గొలుస్తుండ్రి. నీ ఓడల ఎంతమంది?”

“పదిహేడు మందిమి.”

“పటేలెవడు?”

“తండేలు. ఆడి మాటే మాట.”

“పట్వారి?”

“లెక్కలూ ఆడే రాస్తాడు.”

“పటేలు పట్వారి ఒక్కడే అయితె గా ఓడ మునిగినట్టే.”

“రెండుసార్లు మునగబోయింది కూడాను.”

“మంగలి?”

“ఎవడి గడ్డం ఆడిదే. ఓడ ఊగతా ఉంటాది కదా, అందుకని అందరికీ గడ్డాలే.”

“దొంగల వట్టెతందుకు తలారి లేడా?”

“దొంగతనం చేసి ఎక్కడికి పోతాడయ్యా, చుట్టూ సముద్రం.”

“వడ్లాయన?”

“ఉన్నాడు. చెక్కల సందుల్లో నార కూరి నూనె పట్టించేది ఆడే. ఆడికి జొరమొస్తే తండేలు కూడా దణ్ణాలు పెట్టుకునేవోడు.”

“మరి నీరటి?”

“అది నేను,” అనేవారు నాన్న.

నీరటి అంటే బాబాయి ఊళ్ళో చెరువు నీళ్ళను పొలాలకు పంచేవాడు. బాబాయి తాత ఆ పని చేశాడు. నాన్న ఓడలో నీళ్ళు కొలిచేవారు. పీపాల్లో ఉన్న మంచినీళ్ళను మనిషికింత అని రోజూ కొలిచి పోయడం ఆ పని. గాలి ఎప్పుడు పడిపోతుందో తెలియదు కాబట్టి తండేలు పన్నెండు రోజులంటే పదిహేను రోజులకు సరిపోయేలా కొలవాలి. ఆ పని అందరికీ ఇవ్వరు. నాన్నకు ఇరవై రెండో ఏట ఇచ్చారు. ఆయన జీవితంలో గొప్పగా చెప్పుకున్నది అదొక్కటే.

రెండో బోరు కూడా ఎండిపోయాక రెండు రోజులకొకసారి ట్యాంకరు రావడం మొదలైంది. మా వాడలోకి బండి తిరగదు. అందుకని వాడ మొదట్లో ఉన్న సిమెంటు తొట్టిని అంచుదాకా నింపి వెళ్ళిపోయేవారు. స్నానాలకు, బట్టలకు ఫ్యాక్టరీ వెనక గుంట నీళ్ళున్నాయి. తాగడానికి, వండడానికి మాత్రం ఈ తొట్టే. మొదటి రెండుసార్లు బలమున్నవాళ్ళు బిందెలు నింపుకున్నారు, లేనివాళ్ళు అడుగున ఉన్న మడ్డి ఎత్తుకున్నారు. మూడోసారి కుట్లు పడ్డాయి. ఆ రోజు సాయంత్రం వాడ ఆడవాళ్ళంతా వచ్చి నాన్నను అడిగారు. ఆయన్ను అందరూ డోంగావాలే బబా అనేవారు, పడవ తాత అని. పడవ కాదమ్మా ఓడ అని ఆయన నలభై ఏళ్ళుగా చెబుతున్నా ఛత్తీస్‌గఢీలో ఆ తేడా ఎవరికీ పట్టలేదు.

నాన్న ఒప్పుకున్నారు. వనస్పతి డబ్బా ఒకటి తెచ్చి, దానికి కర్ర పిడి బిగించి, అంచు నున్నగా అరగదీశారు. సుమారు ఒక లీటరు పడుతుంది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంటింటికీ ఎంతమందో చెప్పారు. నేను పాత బిల్టీ వెనక రాశాను. పేర్లు లేవు, ఇల్లు, దాని ఎదురుగా అంకె. ఇరవై ఒక్క ఇళ్ళు. బాబాయి ఇంట్లో అయిదు. చివరి ఇంట్లో ఏడు. మా ఇల్లు వచ్చేసరికి, “నువ్వొకదానివి,” అన్నారు.

నేను ఒకటి అని రాశాను. కూడితే తొంభై ఆరు.

అప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఓడ పద్ధతి నేను వింటూ పెరిగిందే. కొలిచేవాడు లెక్కలోకి రాడు. అందరికీ పోశాక పీపా అడుగున మిగిలిందే అతనిది. బాబాయికి మాత్రం అది నచ్చలేదు. వాటాను ఆయన పాలు అనేవాడు.

“గదేం ఇన్సాఫన్నా? మా తాత పాలు అందరికంటె ముందుగాల్నే తీసి పక్కకు వెడ్తుండ్రి. పార వట్టుకోని కట్టపొంటి తిరిగెటోడు ఎవ్వల్ని అడుక్కోవద్దని.”

“మాకు ముందు తీస్తే తప్పు. కొలిచేవోడు తన వాటా ముందే తీసుకున్నాడంటే ఇంక ఆడి చేతిని ఎవడు నమ్ముతాడు?”

“మరి అడుగున మిగలకపాయె అనుకో?”

“మిగిలేలాగా కొలవాలి. ఆ పనంటే అదే కదా.”

నాన్న మనిషికి ఏడు డబ్బాలు పోసేవారు. ఎవరు వచ్చినా ఏడు, చంటిపిల్లకూ ఏడే. కొలుస్తుంటే చెయ్యి వణికేది కాదు, ఒక్క చుక్క కింద పడేది కాదు. అందరికీ అయ్యాక అడుగున బెత్తెడు ఎత్తు నీళ్ళుండేవి. అందులోంచి తన కుండలోకి కొంచెం పోసుకుని, తొట్టికి రేకు కప్పి తాళం వేసేవారు. ఆ మిగిలినవాటిలోంచే బాలింతకు ఇంకో రెండు డబ్బాలు వెళ్ళేవి. ఎవరి కుండైనా దారిలో పగిలితే మళ్ళీ పోసేవారు. ఒకసారి ట్యాంకరు ఒక రోజు ఆలస్యమైంది. ఆ రోజు వాడంతా ఆ అడుగు నీళ్ళతోనే గడిచింది.

కాని మూత వేసిన నీళ్ళంటే మాట పుడుతుంది. మే నెల మొదట్లో చివరి ఇంటావిడ, గేదె పోయినావిడ, తొట్టి దగ్గర నిలబడి అందరికీ వినపడేట్టు అంది:

“టంకీ మ పానీ బాంచే హే, హమర్ ఘర్ మ నఇ హే. బబా హ పానీ ల బేచథే కా?”

తొట్టిలో నీళ్ళు మిగులుతున్నాయి, మా ఇంట్లో లేవు, తాత నీళ్ళు అమ్ముకుంటున్నాడా అని. కొందరు నవ్వారు. నాన్న ఆవిడ కుండలో ఏడో డబ్బా పోశారు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఈ మాట నాకు తెలిసింది. నాన్న ఎవరి దగ్గరా పైసా ఎక్కువ తీసుకోని మనిషి. ఆ రాత్రి అన్నం సరిగా తినలేకపోయాను. ఈ మాట పోగొట్టడానికి నా దగ్గరున్నది లెక్క ఒక్కటే.

తర్వాతి వారం తొట్టి కడగాల్సి వచ్చింది. ఆ రోజు నేను సెలవు పెట్టి, నిండు తొట్టి అడుగు కనపడేదాకా ఎత్తిన ప్రతి డబ్బానూ లెక్కపెట్టాను. ఏడువందల అరవై ఎనిమిది. తొంభై ఆరుతో భాగించాను. ఎనిమిది. శేషం సున్నా.

అంత అందమైన భాగహారం నా బిల్టీల్లో ఎప్పుడూ రాలేదు. సుద్దముక్క తీసుకుని తొట్టి పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను: తొంభై ఆరు ఇంటూ ఎనిమిది, ఏడువందల అరవై ఎనిమిది. కింద హిందీలో కూడా రాశాను. ఇక నుంచి మనిషికి ఎనిమిది, తొట్టిలో చుక్క మిగలదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు అని చెప్పాను. ఆడవాళ్ళు గోడ చుట్టూ చేరారు. ఒకావిడ నా భుజం తట్టింది. చివరి ఇంటావిడ అంకెలు రెండుసార్లు చదివించుకుని, సరే, ఇప్పుడు ఒప్పుకుంటాను అంది.

నాన్న కాస్త దూరంలో నిలబడి చూస్తున్నారు.

“చుక్క మిగల్లేదే,” అన్నారు.

“మిగలకూడదు నాన్నా. మిగులుతోంది కాబట్టే మాట పడ్డారు.”

ఆయన గోడ వంక చూశారు. “బాగానే వేశావమ్మా,” అన్నారు.

నేను లెక్కలు వేసే మనిషిని. అంకె మారితే దాని కింద ఉన్న ప్రతి వరసా మళ్ళీ చూసుకోవాలని డ్రైవర్లకు చెప్పేదాన్ని. ఆ రోజు ఏడును ఎనిమిది చేశాను గాని ఆ బిల్టీ తిరగేసి మా ఇంటి ఎదురుగా ఉన్న అంకె చూడలేదు. మిగులు ఉన్నంతవరకు ఆ ‘ఒకటి’ సరైనదే. మిగులు తీసేసిన నిమిషం నుంచి అది ఒక మనిషికి నీళ్ళు లేవని రాసిన కాగితం.

బాబాయి మాత్రం రెండు రోజుల తర్వాత అడిగాడు. నేను ఆఫీసుకు బయలుదేరుతున్నాను.

“బిడ్డా, నాయిన పాలు రాసినవా?”

“అందరిదీ సరిపోయింది బాబాయ్.”

“సరిపోయిందంటవా. అయితె మంచిదే.”

నేను చెప్పులేసుకుని వెళ్ళిపోయాను.

ఆ తర్వాత ట్యాంకరు వంతులు ఏడు జరిగాయి, అంటే పధ్నాలుగు రోజులు. ఆ పధ్నాలుగు రోజుల్లో నేను చూసినవి ఇవి. నాన్న గంజి అడగడం మొదలుపెట్టారు. “అన్నం కాస్త మెత్తగా ఉండనీ అమ్మా, గంజి పారబొయ్యకు,” అన్నారు. వయసొచ్చింది, పళ్ళు నొప్పేమో అనుకున్నాను. ఊరగాయ మానేశారు. రోజుకు రెండుసార్లు రోడ్డు మీది నాకా, అంటే చెక్‌పోస్టు, దగ్గరున్న టీ కొట్టుకు వెళ్ళొచ్చేవారు. అంతకుముందు టీ అలవాటు లేదు. పెదవులు పగిలితే కొబ్బరినూనె రాసుకోమని సీసా చేతికిచ్చాను. రాసుకున్నారు. కొలత అయిపోయాక తువ్వాలుతో తొట్టి అడుగు తడి తుడిచి, దాన్ని మెడ మీద వేసుకునేవారట. బబా తొట్టిని కూడా కడిగి పెడుతున్నాడని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.

నేను పొద్దున తొమ్మిదికి వెళ్ళి సాయంత్రం ఏడుకు వచ్చేదాన్ని. ఆఫీసులో కూలరు నీళ్ళు తాగేదాన్ని. నా ఎనిమిది డబ్బాలతో వంట చేసేదాన్ని. నా కుండలో ఎప్పుడూ సగం ఉండేది. ఆయన కుండ దాని పక్కనే, ఇత్తడి మూతతో, జానెడు దూరంలో ఉండేది. ఆయన నా కుండ ముట్టుకోలేదు. అది నా వాటా కదా.

ఆయన నన్నెందుకు అడగలేదని చాలాకాలం అనుకున్నాను. అడగడం ఆ పనిలో లేదు, అది ఒకటి. రెండోది, ఆయన మీద పడ్డ మాటను ఆ గోడ మీది లెక్కే పోగొట్టింది. తనకు లేవని నోరు తెరిస్తే ఆ లెక్క తప్పవుతుంది. తప్పయితే అది వేసిన కూతురు వాడ ముందు తలవంచుకోవాలి. ఈ రెండింటిలో ఏది ఎంతో నాకు తెలియదు. కొలవడానికి వీలులేని చోట ఊరికే అంకె వెయ్యను.

ఏడో వంతు రోజున పదకొండున్నరకు ఆఫీసు ఫోను మోగింది. బాబాయి. “నాయిన పడిపోయిండు, జల్ది రా,” అన్నాడు. తొంభై ఆరోవాళ్ళకు కూడా కొలిచాక తొట్టికి వీపు ఆనించి కూర్చున్నారట. అలసిపోయి కూర్చున్నారని అందరూ అనుకున్నారు. బాబాయి వచ్చి పిలిస్తే పలకలేదు. డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. ఆటోలో తీసుకెళుతుంటే ఒళ్ళు కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. ఆసుపత్రి చేరేలోపే అయిపోయింది. ఒంట్లో నీళ్ళు బొత్తిగా లేవమ్మా, ఎండలో ఎంతసేపున్నారు అని డాక్టరు అడిగారు. రెండు గంటలు అని చెప్పాను. అప్పటికి నాకు తెలిసింది అంతే. ఆయనకు అరవై నాలుగు.

మర్నాడు మా క్రైస్తవుల సమాధుల తోటలో పెట్టాం. రైల్వేలో ఆయనతో పనిచేసినవాళ్ళు చాలామంది వచ్చారు. వచ్చినవాళ్ళకు ఇవ్వడానికి వాడలో ఇంటికో చెంబు చొప్పున నీళ్ళు తెచ్చిపెట్టారు. ఇరవై ఇళ్ళ నుంచి ఇరవై చెంబులు. ఆ రోజు మా గుమ్మంలో నీళ్ళకు లోటు లేదు.

ఆ మర్నాడు మళ్ళీ ట్యాంకరు వంతు. పొద్దున్నే బాబాయి వచ్చాడు.

“ఇగ నువ్వే గొలువాలె బిడ్డా. వేరెటోళ్ళంటె మళ్ళ లొల్లే.”

సరేనన్నాను. ఒక మనిషి తగ్గాడు కాబట్టి తొంభై అయిదుతో భాగించాలి, శేషం వస్తుంది, అది ఎవరికివ్వాలో చూడాలి అనుకుంటూ బిల్టీ తీశాను. పెన్ను పట్టుకుని మా ఇంటి వరస దగ్గరికి వచ్చాను.

కొట్టెయ్యడానికి అక్కడ ఏమీ లేదు. ఒకటి ఉంది. అది నేను.

మళ్ళీ మొదటి నుంచి కూడాను. తొంభై ఆరు. నాన్న ఉన్నప్పుడూ తొంభై ఆరే, నాన్న పోయాకా తొంభై ఆరే. మనిషి పోయినా మొత్తం మారలేదు.

లేచి వెళ్ళి ఆయన కుండ మూత ఎత్తాను. లోపల మట్టి తెల్లగా ఆరిపోయి ఉంది. వేలితో రాస్తే పొడి రాలింది. ఒకటి రెండు రోజుల్లో అలా ఆరిపోదు.

బాబాయి గుమ్మంలోంచి, “ఏమైంది బిడ్డా?” అన్నాడు. నేను బిల్టీ చేతికిచ్చాను. ఆయనకు తెలుగు చదవడం రాదు, అంకెలొచ్చు. వేలు పెట్టి ఇళ్ళు లెక్కపెట్టుకుంటూ మా ఇంటి దగ్గర ఆగాడు.

“మీ ఇంట్ల ఒక్కటే ఉన్నదేంది?”

ఆయనకే అర్థమైంది. మంచం మీద కూర్చున్నాడు. “నేను ఇంకోపాలి అడిగేదుండె,” అన్నాడు.

“మీరు అడిగారు బాబాయ్. నేనే చూడలేదు.”

“అడిగితె అడిగిన. మూత లేపి సూడాల్సింది. నేను మీ ఇంటోణ్ణి కాదు గద, నాకేం కాయిదా ఉన్నది.”

ట్యాంకరు వచ్చి తొట్టి నింపింది. నేను వెళ్ళి గోడ మీది అంకెలు తడిగుడ్డతో తుడిచేశాను. వాటి చోట తొంభై ఏడు ఇంటూ ఏడు అని రాశాను. మిగులు ఎనభై తొమ్మిది. రాస్తుంటే తెలిసింది: ఆ ఏడు నాన్న పోసిన ఏడే. ఆయనకు భాగహారం రాదు. చేతి అలవాటుతో, తనను లెక్కలో రాయించుకోకుండానే, తనతో కలిపి సరిగ్గా కొలిచారు. ఆపైన ట్యాంకరు ఒక రోజు ఆలస్యమైనా వాడకు గడిచేలా అడుగున ఉంచారు. అంతకంటే మంచి లెక్క వెయ్యగలనని నేను దాన్ని దిద్దాను.

చివరి ఇంటావిడ గోడ చూసి, “సత్తాన్‌వే? ఏ కోన్ ఏ?” అంది. తొంభై ఏడోది ఎవరు అని.

“బబా,” అన్నాను.

ఆవిడ గోడ వంక, నా వంక చూసింది. ఏడు డబ్బాలు పోయించుకుని వెళ్ళిపోయింది. తర్వాతి వంతు నుంచి వానలొచ్చేదాకా వరసలో అందరికంటే వెనక నిలబడేది. ముందుకు రమ్మన్నా వచ్చేది కాదు.

వానలు జులైలో పడ్డాయి. రెండేళ్ళకు పైపులొచ్చాయి, ఇంటికో కుళాయి వచ్చింది. తొట్టిని పగలగొట్టి అక్కడ బళ్ళు నిలుపుకుంటున్నారు. బాబాయి పోయాడు. ఆ తొంభై ఆరుగురిలో నాకు తెలిసి పంతొమ్మిదిమంది లేరు, చాలామంది వేరే చోట్లకు వెళ్ళిపోయారు. వాళ్ళెవరూ నాన్నకు బాకీ లేరు. పోసినవి పట్టుకున్నారు, అంతే. పొయ్యమన్న అంకె నాది.

ఒక ఏడాది ఆయన పోయిన రోజున ఒక చెంబు నీళ్ళు తీసుకుని సమాధి దగ్గరికి వెళ్ళాను. సమాధి మీద పొయ్యాలని వంచి, ఆగిపోయాను. మట్టి మీద పోస్తే అది మట్టికి జమ, ఆయనకు కాదు. తిరిగి తెచ్చి ఇంట్లో తాగాను.

ఆయనకు ఎంత రావాలి అన్నదాంట్లో కూడా రెండు పద్ధతులున్నాయి. ఆయన పద్ధతిలో వంతుకు ఏడు, ఏడు వంతులకు నలభై తొమ్మిది. కాని అప్పటికి ఆయన పద్ధతి తీసేసి చుక్క మిగలకుండా పంచుతానని గోడ మీద రాసినదాన్ని నేను. కాబట్టి నా పద్ధతిలోనే తేల్చాలి. వంతుకు ఏడువందల అరవై ఎనిమిది చొప్పున ఏడు వంతులకు అయిదువేల మూడువందల డెబ్భై ఆరు డబ్బాలు. మనుషులు తొంభై ఏడుగురు. భాగిస్తే నాన్నకు ఇప్పటికీ రావలసినవి యాభై అయిదు డబ్బాలు, ఆపైన ఇంకో డబ్బాలో తొంభై ఏడింట నలభై ఒక్క పాళ్ళు.